ముందు భుజాలు దించండి

వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. మొదలుపెట్టే ముందు ఎవరూ కదలకుండా ఒక్క పని చేయండి, మీ భుజాలు ఎక్కడున్నాయో చూసుకోండి. చాలామందికి చెవుల దగ్గరికి వచ్చేసి ఉంటాయి. పళ్ళు బిగించి ఉన్నాయా? నాలుక అంగిటికి అతుక్కుని ఉందా? బ్యాగు ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకున్నారా? (నవ్వులు) చూశారా, నేనింకా ఏమీ చెప్పలేదు, ఇక్కడ సూదీ లేదు, స్కానూ లేదు, అయినా ఒళ్ళు కాపలా కాస్తోంది.

నాకిది తెలిసింది స్కాన్ బల్ల మీద. రెండో ఐవీఎఫ్ అప్పుడు, అంటే అండాలని బయటికి తీసి, ల్యాబులో పిండం చేసి, గర్భసంచిలో పెట్టే చికిత్స రెండోసారి చేయించుకుంటున్నప్పుడు. సిస్టర్ "అమ్మా, కాళ్ళు కొంచెం వదులు చెయ్యండి" అంది. వదులుగానే ఉన్నాయండీ అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా నా మోకాలి మీద చెయ్యి వేసింది. అప్పుడు తెలిసింది, ఆ కాలు చెక్కలా బిగుసుకుని సన్నగా వణుకుతోందని. బయటికొచ్చి చూసుకుంటే కుడి అరచేతిలో నాలుగు గోళ్ళ గుర్తులు, అర్ధచంద్రాల్లా, ఎర్రగా. పిడికిలి బిగించిన సంగతే నాకు తెలీదు. ఎన్ని నెలలుగా అలా ఉన్నానో కూడా తెలీదు.

నేను డాక్టర్ని కాదు. మూడుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నాను, ఆ తరవాత ఈ రిలాక్సేషన్ పద్ధతులు నేర్చుకుని ఇప్పుడు చికిత్సలో ఉన్న ఆడవాళ్ళకి నేర్పుతున్నాను, అంతే నా అర్హత. చివరికి నాకు పిల్లలు పుట్టారా లేదా అన్నది మాత్రం ఈ పూట చెప్పను. పుట్టారంటే "అయితే ఇది చేస్తే పుడతారన్నమాట" అని ఇంటికెళ్తారు. పుట్టలేదంటే "మరి ఈవిడ దగ్గర నేర్చుకుని ఏం లాభం" అనుకుంటారు. రెండూ తప్పే కాబట్టి వదిలేద్దాం.

"టెన్షన్ పడకు, అదే వస్తుంది." ఈ మాట విననివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ లేరు కదా. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, ఏమనాలో తెలీక అంటారు. కానీ ఆ మాటని ఒకసారి తిరగేసి చూడండి. రాకపోతే నువ్వు టెన్షన్ పడ్డావు కాబట్టే రాలేదని అర్థం. మూసుకుపోయిన ట్యూబులు, మగవాళ్ళలో తక్కువగా ఉన్న వీర్యకణాల కౌంటు, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, వయసు, ఇవన్నీ ఎటో పోయి తప్పంతా మీ మనసు నెత్తిన పడుతుంది. ఇంజెక్షన్ల నొప్పికి తోడు ఇదొకటి.

నిజానికి దీన్ని కొలిచి చూశారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది, అంతకుముందు జరిగిన 14 అధ్యయనాలని, మొత్తం 3583 మంది ఆడవాళ్ళ వివరాలని ఒకచోట చేర్చి చూశారు. చికిత్స మొదలయ్యే ముందు ఎంత ఆందోళనగా, ఎంత దిగులుగా ఉన్నా, ఆ సైకిల్‌లో, అంటే ఆ విడత చికిత్సలో, గర్భం రావడానికీ రాకపోవడానికీ దానితో సంబంధం కనిపించలేదు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. మామూలుగా అయితే అండాన్ని పెంచమని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపిస్తుంది. ఐవీఎఫ్‌లో ఆ హార్మోన్‌నే సిరంజిలో పెట్టి నేరుగా ఇస్తున్నారు. ఆ సాయంత్రం మీరు ఏడ్చారా నవ్వారా అని ఫాలికల్, అంటే అండం పెరిగే ఆ చిన్న సంచి, వాకబు చెయ్యదు. ఒకటుంది, విపరీతమైన ఒత్తిడి, తిండి తగ్గిపోవడం, అతి వ్యాయామం కలిస్తే కొందరికి నెలసరే ఆగిపోతుంది. అది నిజమే, కానీ అదొక ప్రత్యేకమైన సమస్య, దాన్ని డాక్టర్ గుర్తించి వైద్యం చేస్తారు. ఇంజెక్షన్ అంటే భయపడి గుండె దడదడలాడటం ఆ కోవలోకి రాదు.

అయితే మరి ఇదంతా ఎందుకు నేర్చుకోవడం? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, కొంచెం కోపంగా కూడా అడుగుతారు. గర్భం రాకపోతే ఈ ఊపిరి పీల్చి వదలడం దేనికి అని. దేనికంటే, ఆ రోజులు కూడా మీ జీవితంలోవే కాబట్టి. 1993లో ఆలిస్ డోమార్ అనే అమెరికా సైకాలజిస్టు, ఆవిడ బృందం సంతానలేమి ఉన్న ఆడవాళ్ళ ఆందోళననీ దిగులునీ కొలిస్తే, క్యాన్సర్ రోగుల్లో, గుండెజబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్ళలో ఎంత ఉందో దాదాపు అంతే కనిపించింది. తేడా ఏంటంటే క్యాన్సర్ ఉన్న మనిషిని చూస్తే ఎవరైనా కుర్చీ జరిపి కూర్చోమంటారు. మీరు పొద్దున స్కాన్‌కి వెళ్ళి, అక్కణ్నుంచి పరుగెత్తుకుంటూ ఆఫీసుకి పోయి, లేటెందుకైందని అడిగితే ట్రాఫిక్ అని అబద్ధం చెప్తారు. డబ్బుకి ఇబ్బంది లేకపోయినా చికిత్స మధ్యలో ఆపేసేవాళ్ళలో చాలామంది చెప్పే కారణం, ఇక నా వల్ల కాదు అన్నదే. కాబట్టి నా దృష్టిలో రిలాక్సేషన్ పని ఒక్కటే, ఈ చికిత్స జరిగినన్నాళ్ళూ మీరు మనిషిలా నిద్రపోగలగాలి, అన్నం సయించాలి, మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోగలగాలి. గర్భం సంగతి డాక్టర్లు, ల్యాబు, మీ శరీరం చూసుకుంటాయి.

సరే, ఊపిరితో మొదలుపెడదాం, ఎందుకంటే దీనికి చాపా అక్కర్లేదు, యాపూ అక్కర్లేదు, స్కాన్ బల్ల మీద పడుకుని కూడా ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు. భయం వేస్తే గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. వీటిలో గుండెని నువ్వు నెమ్మదించు అని మనం ఆజ్ఞాపించలేం. ఊపిరిని మాత్రం కొంత మన చేతిలోకి తీసుకోవచ్చు. వదిలే ఊపిరిని పొడుగు చేస్తే మెదడు నుంచి గుండెకి వెళ్ళే వేగస్ నాడి ద్వారా గుండె కాస్త నెమ్మదిస్తుంది. మామూలుగా కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం, ఇక్కడ దాన్ని 6 దాకా తగ్గిస్తాం.

ఇప్పుడే చేద్దాం. ముక్కుతో మెల్లగా లోపలికి, నాలుగు లెక్కపెట్టేదాకా. ఛాతీ ఉబ్బించక్కర్లేదు, నడుము పక్కలు వెడల్పవుతున్నాయనుకోండి. ఇప్పుడు బయటికి, ఆరు లెక్కపెట్టేదాకా, పెదాలు సన్నగా చేసి, వేడి వేడి టీ గ్లాసు మీద ఊదినట్టు. మళ్ళీ లోపలికి. బయటికి. అలాగే ఇంకో నాలుగుసార్లు.

(కొంత విరామం)

తల తిరిగినట్టు అనిపించినవాళ్ళు ఆపేసి మామూలుగా పీల్చండి, మీరు మరీ లోతుగా లాగేస్తున్నారు, అంతే. ఇది బలప్రదర్శన కాదు. ఊపిరి బిగబట్టడాలు, కపాలభాతిలాంటివి అసలొద్దు, పొట్టని అదేపనిగా కుదిపే పనులేవీ ఈ చికిత్సలో అక్కర్లేదు, ఎందుకో ఇప్పుడే చెప్తాను.

ఇంజెక్షన్లు నడిచే ఆ పది పన్నెండు రోజుల్లో అండాశయాలు మామూలు సైజు కన్నా చాలా పెద్దవవుతాయి. ఒక్కోదాంట్లో బోలెడు ఫాలికల్స్, ఒక్కోటీ పద్దెనిమిది ఇరవై మిల్లీమీటర్లు. అంత బరువైన అండాశయం తన కాడ మీద తానే మెలిపడిపోయే ప్రమాదం ఉంటుంది, అరుదే, కానీ జరిగితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. అందుకే ఆ రోజుల్లోనూ, పికప్, అంటే అండాలని బయటికి తీయడం, అయ్యాక అండాశయాలు మామూలు సైజుకి వచ్చేదాకానూ నడుము మెలితిప్పే ఆసనాలు, తలకిందులయ్యేవి, గెంతులు, పరుగులు వద్దు. పొట్ట మీద మసాజ్ వద్దే వద్దు. ఒకవైపు పొత్తికడుపులో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే ఊపిరి వ్యాయామం చేసుకుంటూ కూర్చోకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి. పొట్ట బాగా ఉబ్బడం, ఒకటి రెండు రోజుల్లో బరువు గబగబా పెరగడం, మూత్రం తగ్గడం, ఆయాసం, ఇవి కూడా అంతే, అండాశయాలు మందుకి మితిమీరి స్పందించడం వల్ల కావచ్చు. ఒకావిడ నాకు ఫోన్ చేసి "అక్కా, నువ్వు చెప్పినట్టే ఊపిరి తీస్తున్నా, ఆయాసం తగ్గట్లేదు" అంది. నా గుండె జారిపోయింది. ఫోన్ పెట్టేసి వెంటనే డాక్టర్‌కి చెయ్యమని అరిచాను. ఆ రాత్రే అడ్మిట్ చేశారు. అప్పట్నుంచి ఏ బ్యాచ్‌కైనా ఊపిరి నేర్పే రోజే ఈ లక్షణాలు కూడా చెప్పేస్తాను, వాయిదా వెయ్యను.

తరవాతది కండరాలని బిగించి వదలడం. సుమారు వందేళ్ళ కిందట ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా వైద్యుడు కనిపెట్టిన పద్ధతి. ఆయన గమనించింది చాలా చిన్న విషయం, కండరం నిజంగా వదులైతే మనసులో గాభరా అదే ఊపులో సాగదు. అయితే వదులు చెయ్యి అంటే ఎవరికీ చేతకాదు, నా కాలు మీకు ఆల్రెడీ తెలుసు. అందుకని ముందు కావాలని బిగించమంటాడు. పిడికిలి గట్టిగా బిగించండి, అయిదారు సెకన్లు, ఇప్పుడు ఒక్కసారిగా వదిలెయ్యండి. వదిలాక వచ్చే ఆ వెచ్చదనం, ఆ బరువు, దాన్ని ఒక పది పదిహేను సెకన్లు గమనించండి. తేడా తెలుస్తోందా? అలా చేతులు, భుజాలు, మొహం, పాదాలు. అసలు పద్ధతిలో పొట్ట కూడా ఉంటుంది, మీరు మాత్రం పొట్టని వదిలెయ్యండి, పైన చెప్పిన కారణం చేత. రాత్రి పక్క మీద చేసుకుంటే సగంలోనే నిద్రపోతారు, పోండి, ఎవరూ మార్కులు వెయ్యరు. బిగించడం కూడా ఇష్టం లేనివాళ్ళకి 1932లో జర్మనీలో యోహానెస్ షుల్ట్జ్ అనే వైద్యుడు రాసిన ఆటోజెనిక్ ట్రైనింగ్ ఉంది, "నా కుడిచెయ్యి బరువుగా ఉంది, వెచ్చగా ఉంది" అని మనసులో మెల్లగా అనుకుంటూ పోవడమే. నాకు అది ఎప్పుడూ కుదరలేదు, బరువుగా ఉంది అనుకోగానే బరువెంత పెరిగానో గుర్తొచ్చేది.

మనోచిత్రాలతో చేసేది ఒకటుంది, కళ్ళు మూసుకుని మీకు హాయిగా అనిపించే చోటు ఊహించుకోవడం. మంచిదే. కానీ కొన్ని రికార్డింగుల్లో "మీ గర్భసంచిలో పిండం మెత్తగా అతుక్కుంటోంది, వేళ్ళూనుకుంటోంది, దానికి స్వాగతం చెప్పండి" అంటుంటారు. నేను నేర్పను. పాజిటివ్ వస్తే సరే. నెగెటివ్ వస్తే, నేను సరిగ్గా స్వాగతం చెప్పలేదేమో అని ఏడ్చినవాళ్ళని నా కళ్ళతో చూశాను. పిండం అతుక్కోవడం చాలావరకు దానిలోని క్రోమోజోముల మీద, గర్భసంచి పొర సిద్ధంగా ఉండటం మీద ఆధారపడి ఉంటుంది. ఊహలో బొమ్మ ఎంత స్పష్టంగా వచ్చిందన్న దాని మీద కాదు.

ఆక్యుపంక్చర్ గురించి అడుగుతారని తెలుసు కాబట్టి నేనే చెప్పేస్తాను. 2002లో జర్మనీలో 160 మంది మీద ఒక అధ్యయనం జరిగింది, పిండాన్ని పెట్టే ముందూ తరవాతా సూదులు పెట్టించుకున్నవాళ్ళలో 42.5 శాతం మందికి గర్భం వస్తే, పెట్టించుకోనివాళ్ళలో 26.3 శాతం మందికే వచ్చింది. ఇంకేముంది, ప్రపంచమంతా సూదుల కోసం పరుగెత్తింది. తరవాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మందిని తీసుకుని, సగం మందికి అసలు సూదులు, సగం మందికి చర్మంలో దిగని ఉత్తుత్తి సూదులు పెట్టి చూశారు. 2018లో ఫలితాలొచ్చాయి. బిడ్డ పుట్టినవాళ్ళు ఒక గుంపులో 18.3 శాతం, రెండో గుంపులో 17.8 శాతం. అంటే తేడా లేదనే. అలాగని వెళ్ళొద్దని నేననను, అరగంట ఎవరూ పలకరించకుండా ఫోన్ లేకుండా పడుకోవడమే కొందరికి పండగ. హాయిగా ఉంటే వెళ్ళండి, ప్రతిసారీ కొత్త సూదులు వాడుతున్నారా అని చూసుకోండి, మీ డాక్టర్‌కి చెప్పండి. ఫలితం పెరుగుతుందని ప్యాకేజీ అమ్మితే మాత్రం లేచి వచ్చెయ్యండి.

ఇలాంటిదే ఇంకో ముచ్చట ఉంది. ఇజ్రాయెల్‌లో పిండం పెట్టిన వెంటనే పడుకుని ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి ఒక విదూషకుడిని పంపించారు, వేషం వేసుకుని పావుగంట నవ్విస్తాడు. 2011లో ఆ ఫలితాలు ప్రచురించారు, 219 మందిలో నవ్వినవాళ్ళకి 36.4 శాతం, మిగతావాళ్ళకి 20.2 శాతం గర్భాలు. (నవ్వులు) నాకూ నమ్మాలనే ఉంది! కానీ ఒక్క చోట, కొద్దిమందితో, లాటరీ తీసినట్టు పక్కాగా విడదీయకుండా చేసింది. ఆక్యుపంక్చర్ కథ ఎలా ముగిసిందో ఇప్పుడే విన్నారు. నవ్వొస్తే నవ్వండి, నవ్వు రాకపోతే అదొక లోపంగా రాసుకోకండి.

మసాజ్ అయితే మెడ, భుజాలు, చేతులు, పాదాలు, మెత్తగా. ఈ మందులతో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది, దానితో కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం కొంచెం ఎక్కువ, అందుకని ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెడితే నలిపించుకోకుండా డాక్టర్‌కి చూపించండి. సువాసన నూనెల మీద నాకు పెద్ద అభిప్రాయం లేదు, వాసన నచ్చితే గదిలో పెట్టుకోండి, పికప్ రోజూ, పిండాన్ని గర్భసంచిలో పెట్టే ట్రాన్స్‌ఫర్ రోజూ మాత్రం సెంటు, నూనె ఏదీ రాసుకోవద్దు, పిండాలుండే ల్యాబుకి ఆ ఘాటు పడదని చాలాచోట్ల ముందే చెప్తారు. మూలికలు, పొడులు, "సహజమైనవే కదా" అని ఇచ్చే టీలు, ఇవి డాక్టర్‌కి చెప్పకుండా ఒక్క చెంచా కూడా వద్దు. దిగులుకి వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క మందు ఉంది, అది కాలేయాన్ని ఉసిగొల్పి వేరే మందుల్ని వేళకి ముందే విరగ్గొట్టించేస్తుంది. సహజమే మరి.

ధ్యానం గురించి ఒక్కటే చెప్తాను. 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు, అంటే ఈ క్షణం మీద మనసు పెట్టడం నేర్పేది, ఇప్పుడు అన్నిచోట్లా ఉంది, చాలామందికి పనికొస్తుంది కూడా. కానీ కళ్ళు మూసుకుని ఒంట్లోకి చూడమంటే కొందరికి భయం ఇంకా పెరుగుతుంది, ముఖ్యంగా గర్భం పోయిన అనుభవం ఉన్నవాళ్ళకి. ఆ ఒళ్ళే వాళ్ళని మోసం చేసిందనిపిస్తుంటే అందులోకి ప్రశాంతంగా ఎలా చూస్తారు? వాళ్ళకి కళ్ళు తెరిచి చేసేవి చెప్తాను, మెల్లగా నడక, అల్లిక, కుట్టుపని, చేతులు కదిలేది ఏదైనా.

ఇక అసలు కష్టం, ట్రాన్స్‌ఫర్ తరవాత ఎదురుచూసే రెండు వారాలు. అప్పటిదాకా రోజుకో పని ఉంటుంది, సూది, స్కాన్, రక్తపరీక్ష. ఇప్పుడు ఏమీ ఉండదు. తుమ్మితే జారిపోతుందా, మెట్లెక్కొచ్చా అని నన్ను అడిగినవాళ్ళకి లెక్కలేదు. గర్భసంచి ఖాళీ డబ్బాలాంటిది కాదండి. రెండు అరచేతులు ఆనించి పెట్టినట్టు దాని గోడలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, ఆ మధ్యలో ఉన్నది అర మిల్లీమీటరు కూడా లేని పిండం. అది తుమ్ముకి పడిపోదు. రోజులతరబడి మంచం మీద పడుకుంటే ఫలితం మెరుగవదని కూడా తేలింది, పైగా పడుకుంటే ఆలోచనలు తప్ప ఏం మిగులుతాయి. ఒంట్లో గుర్తులు వెతుక్కోవడం మానెయ్యమని చెప్పను, ఎవరూ మానలేరు, కానీ రొమ్ముల నొప్పి, పొట్ట ఉబ్బరం, అలసట, ఇవన్నీ మీరు వాడే ప్రొజెస్టరాన్ హార్మోన్ వల్ల కూడా వస్తాయి, కాబట్టి ఉన్నా అర్థం లేదు, లేకపోయినా అర్థం లేదు. తొందరపడి ఇంట్లో పరీక్ష చేస్తే పికప్‌కి ముందు అండాలు పండటానికి వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌లో ఇచ్చిన హెచ్‌సీజీయే, అంటే గర్భపరీక్ష వెతికే హార్మోనే, ఒంట్లో మిగిలి తప్పుడు పాజిటివ్ చూపించవచ్చు. ఆ పాజిటివ్ రెండు రోజుల్లో మాయమైతే పడే బాధ ఎవరికీ వద్దు.

ఆ రోజుల్లో నాకు పనికొచ్చింది ఒక పాత నోటుబుక్కు. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా దిగులుకి టైం. ఆ అరగంటలో ఎంత భయంకరంగా కావాలంటే అంత రాసుకునేదాన్ని. పగలు దిగులొస్తే ఆరున్నరకి రా అనేదాన్ని. నవ్వకండి, నాలుగో రోజుకి ఆరున్నరకి రాయడానికి ఏమీ తోచక కూరగాయల లిస్టు రాశాను.

ఇవన్నీ చేసినా రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, ఏదీ ఇష్టం లేకపోయినా, బతకడం ఎందుకనిపించినా, ఇంక నా క్లాసుకి రాకండి, సైకాలజిస్టు దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్ళండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే వెళ్ళాలి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు చెప్పండమ్మా.

రోజూ చేయడం కుదరట్లేదు, చేయని రోజు తప్పు చేసినట్టుంది అంటున్నారు. అలా అనిపిస్తే ఒక వారం పూర్తిగా మానెయ్యండి. నిజంగానే అంటున్నాను. వేళకి పడాల్సిన మందులు మీకు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఇది వాటిలో ఇంకోటి కాకూడదు. మళ్ళీ చేయాలనిపిస్తే సూది వేసుకునే ముందు మూడు ఊపిర్లు, అంతే, పొద్దున లేచి అరగంట అని పెట్టుకోకండి.

ఆయనెవరో చెయ్యెత్తారు, చెప్పండి సార్. మగవాళ్ళు ఏం చేయాలి? అడిగినందుకు సంతోషం, ఈ హాల్లో మీరు నలుగురే ఉన్నారు. సార్, ఆవిడ ఏడుస్తుంటే పరిష్కారం చెప్పకండి. పక్కన కూర్చోండి. సూది మీరే వేస్తున్నట్టయితే మీ చెయ్యి వణికితే అది కూడా చెప్పండి, మాకు ధైర్యంగానే ఉంటుంది. ఇంకోటి, రిజల్టు ఫోన్ ఏ టైంకి వస్తుందో క్లినిక్‌ని ముందే అడిగి, ఎవరు ఎత్తాలో, ఎక్కడుండి ఎత్తాలో ఇద్దరూ ముందే అనుకోండి. నేను మొదటిసారి ఆఫీసు మీటింగ్‌లో ఉండగా ఎత్తాను. నెగెటివ్. ఇంకో నలభై నిమిషాలు ఎవరివో లెక్కలు వింటూ తలూపాను. మూడోసారి మా ఆయన ఫోన్ ఆయన జేబులో పెట్టుకున్నారు, ఇద్దరం కారు పక్కకి ఆపుకుని కూర్చున్నాం, గంట మోగేదాకా రేడియోలో ఏదో వచ్చింది, ఏం వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు.

వెనకాల ఆకుపచ్చ చీర ఆవిడ చాలాసేపట్నుంచి చెయ్యెత్తే ఉన్నారు, ఆవిడకి మైకు ఇవ్వండి.